తోమితే పోయే మెరుపు

ఇత్తడి సామాను తోమడం కూడా ఒక చదువేనని నాకు పెళ్ళయి శ్రీకూర్మం వచ్చాక తెలిసింది. చింతపండు నానబెట్టి, అందులో ఇంత ఉప్పు కలిపి, కొబ్బరిపీచు తీసుకుని బిందెతో కుస్తీ పట్టాలి. "చేతిలో సత్తువంతా బిందెలోకి వెళ్ళాలే అమ్మాయ్! అప్పుడు గానీ అది బంగారం అవదు" అనేవారు మా అత్తగారు, పక్కన పీట వేసుకు కూర్చుని. కాలేజీలో మూడేళ్ళు తత్వశాస్త్రం చదివాను గానీ, అందులో నాకు ఇంత సూటిగా అర్థమయిన సిద్ధాంతం మరొకటి లేదు. ఎంత రుద్దితే అంత మెరుపు. కష్టపడితే ఫలితం. ప్రేమ ఉన్నచోట చెయ్యి గట్టిగా ఆడుతుంది. ఇన్నేళ్ళూ ఇల్లూ వాకిలీ, పిల్లాపీచూ, పనీపాటా అన్నీ ఆ ఒక్క సూత్రంతోనే నడుపుకొచ్చాను.

ఇప్పుడు ఆ బిందెలు అటకెక్కాయి. వాటి స్థానంలో ఇంట్లో ఏమేం చేరాయా అని ఒకనాడు లెక్కపెడితే నాకే నవ్వొచ్చింది. పప్పుల డబ్బాలు, ఫ్రిజ్‌లో కూరల అర, భోజనాల బల్ల మీద పరిచిన పలచటి షీటు, గోడగడియారం ముఖం, మా అత్తగారి కళ్ళజోడు, వారానికి ఏడు గదులున్న ఆవిడ మందుల పెట్టె... అన్నీ అవతలివైపు కనిపించే ప్లాస్టిక్కే. చూడ్డానికి గాజులా ఉంటుంది, పడితే పగలదు. ఇల్లాలికి ఇంతకన్నా ఏం కావాలి? గాజు పగిలితే ఒక్కసారి ఏడుస్తాం. ప్లాస్టిక్ అలా కాదు, రోజుకింత మసకబారుతుంది. ఎప్పుడు మసకబారిందో మనకి తెలియదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మొన్న మాఘమాసంలో మా మామగారి తద్దినం ముందురోజున మా ఇంట్లో ఒక సంగతి జరిగింది.

హాల్లో మా మామగారి ఫొటో ఉంది. ఆయన బడిపంతులుగా చేసి, ఈ ఊళ్ళోనే కన్నుమూశారు. ఆ ఫొటోకి ఫ్రేము కట్టించినప్పుడు దుకాణంవాడు గాజుకి బదులు అక్రిలిక్ షీటు వేశాడు. తేలిగ్గా ఉంటుంది, మేకు మీద బరువుండదు, పడినా పగలదు అని అప్పుడే చెప్పాడు. నేను విని సంతోషించాను కూడా. ఈ మాట గుర్తుపెట్టుకోండి. అది గాజు కాదని నాకు తెలుసు.

మా ఇంట్లో పనిచేసే అమ్మాయి ఏడేళ్ళనించీ మాతో ఉంది. ఇద్దరు బిడ్డల తల్లి. మా మామగారి చివరి రోజుల్లో ఆయనకి కాళ్ళు పట్టింది, జావ తాగించింది. ఆ రోజు ఎవరూ చెప్పకుండానే స్టూలెక్కి, ఫొటో దింపి, నూతి దగ్గరికి పట్టుకెళ్ళింది. గిన్నెల సబ్బు పెట్టి స్టీలు పీచుతో, చేతిలో సత్తువంతా పెట్టి తోమింది. తెచ్చి గోడకి ఆనించి ఆరబెట్టింది. తడి ఆరేసరికి మామగారు లేరు. మంచుపట్టిన కిటికీ అవతల ఎవరో పెద్దాయన నిలుచున్నట్టు ఒక నీడ ఉంది, అంతే.

ఇల్లంతా చుట్టాలు. విజయనగరం నించి ఆడపడుచులు, సాలూరు నించి మా మరిది కుటుంబం. వాళ్ళందరి ఎదటా నేను ఆ పిల్లని అనకూడని మాటలన్నాను. ఇక్కడ రాయను. అవి మీరూ ఎప్పుడో ఒకప్పుడు ఎవర్నో ఒకర్ని అనే ఉంటారు.

ఆ అమ్మాయి తల వంచుకుని ఒకే ఒక్క మాటంది. "మీరే కదేటమ్మా, గట్టిగా తోమితేనే గాని మెరవదన్నారు!"

పితృకార్యాలకి ఎక్కడెక్కడివాళ్ళో వచ్చే ఊరు మాది. శ్వేతపుష్కరిణి గట్టుమీద ఏ రోజు చూసినా ఎవరో ఒకరు తలదించుకుని తమవాళ్ళని తలుచుకుంటూనే ఉంటారు. శ్రద్ధతో చేసేదే శ్రాద్ధమని పెద్దలు చెప్పగా వింటూనే ఉన్నాను. మరి ఆ రోజు మా ఇంట్లో అందరికన్నా శ్రద్ధ ఎవరికుంది? మడి కట్టుకున్న నాకా, నూతి దగ్గర చేతులు నొప్పెట్టేలా తోమిన ఆమెకా?

ఇక్కడే నాకు చిక్కు వచ్చింది. మంచి మనసుతో చేసిన పని చెడు ఫలితం ఇస్తే తప్పెవరిది? ఆమె ఉద్దేశం మంచిదే కదా అని ఊరుకుందామంటే, ఫొటో పాడయిన మాట నిజం. పాడయింది కనక ఆమెదే తప్పు అందామంటే, తెలియని సంగతికి మనిషిని బాధ్యురాల్ని చెయ్యడం ఏం న్యాయం? శ్రద్ధ ఒక్కటీ చాలదని మాత్రం తేలింది. దేనిమీద శ్రద్ధ చూపిస్తున్నామో దాని స్వభావం కూడా తెలియాలి. తెలియకపోతే మనం చూపించేది శ్రద్ధ కాదు, మన చేతికి పట్టిన అలవాటు. ఇత్తడికి చేసినట్టు ప్లాస్టిక్‌కి చేస్తాం. ఒక బిడ్డని దిద్దినట్టు రెండో బిడ్డని దిద్దబోతాం. సరే, స్వభావం తెలిసినవాళ్ళు ఎవరు? ఆ ఇంట్లో నేనొక్కదాన్నే. తెలిసీ చెప్పలేదు. తప్పుని కొలిచి పంచుకుంటే పెద్ద వాటా నాకే వస్తుంది. వాటా తెలుసు గనకనే ఆ రోజు గొంతు అంత పైకి లేచిందేమోనని ఇప్పుడనిపిస్తోంది.

తద్దినం అయ్యాక ఆ షీటుని బాగుచెయ్యొచ్చేమోనని విచారించడం మొదలుపెట్టాను. నేను తెలుసుకున్నవి మీకూ పనికొస్తాయి కనక చెబుతాను.

మనం గాలిలో దుమ్ము అనుకునే దాంట్లో సన్నటి ఇసుక రేణువులు కూడా ఉంటాయి. సముద్రం దగ్గరున్న మా ఊళ్ళో మరీను. ఇసుక గాజునే గీయగలదు, ఇక అంతకన్నా మెత్తనయిన ప్లాస్టిక్ ఒక లెక్కా? దుమ్ము ఉండగానే పొడిగుడ్డ పెట్టి రుద్దితే, ఆ గుడ్డే గరుకు కాయితమవుతుంది. పైగా పొడిగా రుద్దేకొద్దీ ప్లాస్టిక్‌లో స్థిరవిద్యుత్తు పుట్టి, ఇంకాస్త దుమ్ముని తనే లాక్కుంటుంది. చిన్నప్పుడు దువ్వెనని జుట్టుకి రాసి కాయితం ముక్కల్ని ఎగరేసిన ఆట గుర్తుందా? అదే ఇది. తుడిచినకొద్దీ మురికి ఎందుకు చేరుతోందా అని విసుక్కోవడమే గానీ, తుడవడంవల్లే చేరుతోందని నాకు తట్టలేదు.

అందుకని ముందు నీళ్ళు. రెండు చుక్కల సబ్బు వేసిన గోరువెచ్చటి నీళ్ళు మెల్లగా పోసి దుమ్ముని జారనివ్వాలి. తరవాత మెత్తటి పాత నూలుగుడ్డతో ఒత్తకుండా తుడవాలి. స్పిరిట్, అద్దాలు తుడిచే ఘాటు మందులు అక్రిలిక్ మీద వెయ్యకూడదు. కంటికి ఆనని పగుళ్ళు బయల్దేరి, వల అల్లినట్టు అల్లుకుంటాయి. కళ్ళజోడుని చీరకొంగుతో తుడిచే అలవాటు మనందరికీ ఉంది. మానుకోవాలి. కుళాయి కింద ఒక్క క్షణం తడిపి అప్పుడు తుడవండి. గోరు పెట్టి లాగితే పట్టని సన్నగీతలు అక్రిలిక్ మీద ఉంటే, తెల్లటి పళ్ళపేస్టు కాస్త గుడ్డకి రాసి గుండ్రంగా రుద్దితే చాలావరకు పోతాయి. ఆ పేస్టులో అతి మెత్తటి సుద్దలాంటి పొడి ఉంటుంది గనక. కళ్ళజోడుకి మాత్రం ఆ పని చెయ్యకండి సుమండీ! దానిమీద వేసిన పూత కాస్తా లేచిపోతుంది.

నాకు తెలియని సంగతి ఇంకోటి ఇందులో ఉంది. మెరుగుపెడితే గీత పూడుతుందనుకునేదాన్ని. గీత ఎన్నటికీ పూడదట. దాని చుట్టూ ఉన్న తలాన్ని అరగదీసి, గీత అడుగు ఎంత లోతున ఉందో అంత లోతుకి దించుతాం. చుట్టూ ఉన్నది దిగితే గీత కనబడదు. అంతే తప్ప, పోయిన పదార్థం తిరిగిరాదు.

నాలుగు రోజులు మధ్యాహ్నం పూట కూర్చుని రుద్దాను. నీడలోంచి మామగారి కళ్ళజోడు బయటికొచ్చింది, తరవాత మీసం. కుడివైపు గీతలు లోతుగా పడ్డాయి. అక్కడ ఎక్కువ రుద్దేసరికి ఆ చోటు గుంటపడి, పక్కకి జరిగి చూస్తే ఆయన భుజం నీళ్ళలో ఉన్నట్టు కదులుతోంది. ఒక్కచోట మాత్రమే దించితే వచ్చే చిక్కు అది.

మా అత్తగారు పక్కన మంచం మీద కూర్చుని ఇదంతా చూస్తున్నారు. ఆవిడకి రెండేళ్ళ క్రితం రెండు కళ్ళకీ శుక్లాలు తీసి కటకాలు పెట్టారు. "నీకొక చిత్రం చెప్పనా అత్తయ్యా, మీ కంట్లో ఉన్నదీ ఇలాంటి ప్లాస్టిక్కే" అన్నాను. నమ్మలేదు. రెండో ప్రపంచయుద్ధంలో విమానాల కిటికీలు అక్రిలిక్‌తో చేసేవారు. అవి పగిలినప్పుడు ఆ ముక్కలు కొందరు పైలట్ల కళ్ళలో దిగాయి. కన్ను వాటిని పరాయి వస్తువని ఎదిరించకుండా ఊరుకోవడం హెరాల్డ్ రిడ్లీ అనే ఇంగ్లీషు డాక్టరు గమనించాడు. ఆ ఆధారంతోనే 1949 నవంబరు 29న లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో మనిషి కంట్లో మొదటి కృత్రిమ కటకం పెట్టాడు. తోటి డాక్టర్లు చాలామంది చాలా ఏళ్ళపాటు ఆయన్ని తప్పుపట్టారు. ఇవాళ మన ఊళ్ళల్లో ముసలమ్మలు సూదిలో దారం ఎక్కిస్తున్నారంటే అందులో ఆయన చలవ ఉంది. ఇప్పటి కటకాలు మడతపెట్టి కంట్లోకి దూర్చగలిగేంత మెత్తనివి.

అంతా విని ఆవిడ, "అయితే దీన్ని ఎవరూ తోమక్కర్లేదన్నమాట" అన్నారు.

"అక్కర్లేదు. చెయ్యి తగలదు గనక గీతా పడదు."

"బాగుంది. మిగతావాటన్నిటికీ చెయ్యి తగులుతుందిగా మరి" అని కాస్సేపు ఊరుకున్నారు. తరవాత ఫొటో కేసి చూస్తూ అన్నారు. "ఆయనా ఒకసారి నన్నిలాగే అన్నారే. కాపరానికొచ్చిన రెండో ఏడు. పప్పులో ఉప్పెక్కువయిందని పంక్తిలో, పదిమంది ముందూ. రాత్రి వంటింట్లోకొచ్చి, పొద్దుట తొందరపడ్డాను, మనసులో పెట్టుకోకు అన్నారు. మంచివారే. కానీ చూశావా, తిట్టు పంక్తిలోనూ, మంచిమాట వంటింట్లోనూ!"

ఇన్నేళ్ళ కాపరంలో ఆవిడ మామగారి మీద ఒక్క పొల్లుమాట అనగా నేను వినలేదు. ఆ పప్పు సంగతి అర్ధశతాబ్దం పైగా లోపల ఉండిపోయింది. నా చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఎందుకంటే, తద్దినంనాటి సాయంత్రం నేనూ అలాగే చేశాను. చుట్టాలందరూ గుడికి వెళ్ళాక, ఆ అమ్మాయిని వంటింట్లోకి పిలిచి, "పోనీలే, ఏదో కోపంలో అన్నాను. ఈ బూరెలు పిల్లలకి పట్టుకెళ్ళు" అన్నాను. ఆమె తీసుకుంది. నేను తేలికపడ్డాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ బూరెలు పైపైన తుడవడమే. గీత పడ్డది పదిమంది ఎదట. నేను దిగింది నలుగురూ లేనిచోట, అదీ ఒక మెట్టు. గీత అడుగు దాకా దిగలేదు.

ఇక్కడ మీరు ఒక మాట అనొచ్చు. మనకి ఇది కొత్తా, ఇంట్లో ఏ గీత పడ్డా దిగేది ఆడదేగా అని. నిజమే. సర్దుకుపోవాలమ్మా అని పుట్టింటివాళ్ళు చెప్పి పంపేది అదేగా. ఎవరికి దెబ్బ తగిలిందో వాళ్ళనే అరగమంటారు. సమంగా కనిపిస్తోంది గనక సంసారం నున్నగా ఉందంటారు. అందుచేత దిగడం గొప్ప గుణమని నేను ఊరికే పొగడను. ఎవరు దిగాలన్నదే ప్రశ్న. నాకు తోచింది ఇదీ: గీసినవాళ్ళు దిగాలి. గీత పడ్డవాళ్ళని ఇంకా రుద్దితే మిగిలేది మెరుపు కాదు, పలచదనం. మా అత్తగారు ఆ పప్పు సంగతి మింగి అరవై ఏళ్ళుగా అరిగారు. నా దగ్గర పనిచేసే అమ్మాయికి నేను ఆ పాఠమే మళ్ళీ నేర్పబోయాను.

ఆ వారంలోనే ఒక సాయంత్రం గుడికి వెళ్ళాను. మా కూర్మనాథస్వామి పడమటి ముఖంగా ఉంటాడు. గుడికి రెండు ధ్వజస్తంభాలు. రాతి మీద చెక్కిన శాసనాలు ఎన్నో ఉన్నాయి. నరహరితీర్థులవారి పేరు చెప్పే 1281 నాటి శాసనం వాటిలో ప్రసిద్ధం. రాతి మీద గీస్తే అది రాత అవుతుంది, ఏడువందల ఏళ్ళ తరవాత కూడా చదువుతారు. అదే గీత మా ఫొటో మీద పడితే ఇంత రగడ! అనుకుని నవ్వుకుంటూ నక్షత్ర తాబేళ్ళున్నచోట ఆగాను. నల్లటి చిప్పల మీద పసుపు గీతలు, ఎవరో కూర్చుని మెరుగుపెట్టినట్టు ఉంటాయి.

చాలామంది చిప్ప అంటే ఏదో పెట్టె అనుకుంటారు, లోపల తాబేలు వేరుగా ఉన్నట్టు. కాదు. చిప్ప దాని ఎముకే. వెన్నెముకా పక్కటెముకలూ దాంట్లో కలిసిపోయి ఉంటాయి. పైన మన గోరులాంటి పొర. తాకితే దానికి తెలుస్తుంది. మెరుస్తుంది కదా అని కొందరు పెంపుడు తాబేళ్ళకి నూనె రాస్తారట. అది వాటికి మంచిది కాదు. మనుషులు ఒకప్పుడు సముద్రపు తాబేళ్ళని చంపి, ఆ చిప్పల్ని మెరుగుపెట్టి దువ్వెనలూ కళ్ళజోడు ఫ్రేములూ చేసుకున్నారు. 1870 ప్రాంతంలో అమెరికాలో హయత్ అనే ఆయన సెల్యులాయిడ్ తయారుచేశాక, తాబేటి చిప్పకీ ఏనుగు దంతానికీ బదులు దాంతో దువ్వెనలు చెయ్యడం మొదలయింది. ఇవాళ మనం తిట్టుకునే ప్లాస్టిక్ వంశానికి అలా తాబేలుతో ఒక పాత బంధుత్వం ఉంది.

చిప్ప చూసి గట్టిదనుకోవడం మన పొరపాటు. మా ఇంట్లో ఆ అమ్మాయిని కూడా అందరం గట్టిమనిషంటాం. ఏమన్నా నవ్వేస్తుంది, మర్నాడు పొద్దున్నే వచ్చి చీపురందుకుంటుంది. నవ్వుతోంది గనక తగల్లేదనుకుంటాం. అలా అనుకోవడం మనకి ఎంత హాయి!

ఫాల్గుణ పౌర్ణమికి డోలోత్సవమని మళ్ళీ ఆ చుట్టాలే వచ్చారు. కాఫీలు తాగుతున్నప్పుడు ఆమెని పిలిచి, అందరూ వింటుండగా చెప్పాను. "మొన్న తద్దినంనాడు నిన్ను నానా మాటలూ అన్నాను. అది గాజు కాదని నాకు తెలుసు, నీకు చెప్పలేదు. తప్పు నాది, తిట్లు నీకు పడ్డాయి." చెప్పడం సులువు కాలేదు. నా పెద్ద ఆడపడుచు కాఫీ గ్లాసు కేసి చూస్తూ ఉండిపోయింది. మా మరిది ఎందుకో పేపరు తిరగేశాడు. మా అత్తగారు మాత్రం నా వైపు చూశారు.

ఆ అమ్మాయి సిగ్గుపడిపోయి, "ఏటమ్మా, అలగంతారు! పెద్దోరు మీరు" అని లోపలికి పారిపోయింది. కాస్సేపటికి వంటింట్లో గిన్నెల చప్పుడు వినిపించింది, ఎప్పటికన్నా కొంచెం గట్టిగా.

అంతా సర్దుకుందని రాస్తే కథ ముగింపు బాగుంటుంది. కానీ ఇది కథ కాదు. ఫొటో ఇప్పుడు తేటగానే ఉంది. భుజం దగ్గర మాత్రం పక్కనించి చూస్తే ఇంకా కదులుతుంది. కొత్త షీటు వేయిస్తానంటే మా అత్తగారు వద్దన్నారు. "ఉండనీయవే, ఆయన కాస్త కదిలితే నాకేం నష్టం?" అన్నారు. అది క్షమో, చిలిపితనమో నాకు తెలియలేదు.

ఆమె కూడా మామూలుగానే పనిలోకి వస్తోంది, నవ్వుతోంది. ఒక్క తేడా. పప్పుల డబ్బా అయినా, గడియారం అయినా, ఆఖరికి పూజ దగ్గర ఇత్తడి కుంది అయినా సరే, ఇదివరలో ఏదీ అడగని మనిషి, ఇప్పుడు చేతిలోకి తీసుకోగానే నా వైపు చూసి, "అమ్మా, ఇది తోమొచ్చా?" అని అడుగుతోంది.

"నీకు తెలియందేముంది, తోము" అంటున్నాను. రోజూ అంటున్నాను. ఎన్నాళ్ళనాలో మరి!